కృపకు అన్నం పెట్టమన్న దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, మా పెద్దబాబు సంతోష్ బతికి ఉంటే ఈ ఏడు పదో తరగతి పరీక్షలు రాసేవాడు. నా సాక్ష్యం వాడి దగ్గరే మొదలుపెట్టాలి, ఎందుకంటే మా ఇంట్లో చీకటి పడింది వాడితోనే.

నా పేరు సువార్త. మాది జూలూరుపాడు. మా ఆయన ప్రకాశం నాకు సొంత మేనమామ కొడుకు, పొలాల్లో కాలిపోయిన మోటార్లకు కొత్త రాగి తీగ చుట్టి వైండింగ్ చేసే షాపు ఆయనది, నేను ఇంట్లో మిషను మీద జాకెట్లు కుడతాను. మాకు పెళ్ళయిన మరుసటి ఏడే దేవుడు సంతోష్‌ను ఇచ్చాడు. ఎంత నవ్వేవాడో! షాపులో రాగి తీగ ముక్కలు ఏరుకుని మెడలో వేసుకుని ఆదివారం ప్రార్థనకు గుడికి వచ్చేవాడు. రెండో పుట్టినరోజు ఇంకా రాలేదు, వానాకాలం మొదట్లో వాడికి జ్వరం వచ్చింది, ఆ రోజంతా ఏమీ తినలేదు, తాగిన నీళ్ళు కూడా కక్కేశాడు, మధ్యాహ్నానికి పరుగెత్తి వచ్చిన పిల్లవాడిలా ఎగశ్వాస పెట్టాడు, ఆ తర్వాత ఎంత పిలిచినా కళ్ళు తెరవలేదు. మా వీధిలో సూదులు వేసే ఆయన చూసి మలేరియా మెదడుకు ఎక్కింది అన్నాడు. కొత్తగూడెం తీసుకుపోవడానికి జీపు మాట్లాడుతుండగానే నా ఒళ్ళో వాడు ప్రభువును చేరుకున్నాడు.

అప్పట్లో మా వైపు జ్వరంతో పిల్లలు పోవడం కొత్త కాదు, అందరూ మలేరియానే అనుకున్నారు. అయితే మా అమ్మమ్మ చెల్లెలు ఒకావిడ ములకలపల్లి అవతల అడవి అంచు ఊళ్ళో ఉండేది, ఆమె పరామర్శకు వచ్చి మా ఇంటి అరుగు మీద కూర్చుని అందరూ వినేలా ఒక మాట అన్నది.

"మీ తాత దేవుణ్ణి మార్చిండు. అడవి తల్లి ఊకుంటదా? పసి పోరగాన్ని తీస్కపోయింది. ఇంకొకరు పుట్టినా గంతే."

మా తాత అంటే నాకు అమ్మకు నాన్న, మా ఆయనకు నాన్నకు నాన్న. మా ఇద్దరికీ ఒక్కడే తాత. మా కుటుంబంలో మొదట ప్రభువును నమ్ముకున్నది ఆయనే. ఆ ముసలావిడ మాటను మా అత్తమ్మ కొట్టిపారేసింది గానీ నా గుండెలో మాత్రం అది ముల్లులా దిగింది. ప్రార్థన చేసుకుంటూనే భయపడేదాన్ని. మోకాళ్ళ మీద ఉండగానే ఆ మాట వినిపించేది.

సంతోష్ పోయిన మరుసటి ఏడు మా పాప పుట్టింది. కృప అని పేరు పెట్టింది మా పాస్టరు దేవసహాయం అయ్యగారు. ఆయన గురించి చెప్పకపోతే నా సాక్ష్యం సగమే అవుతుంది. పొట్టి మనిషి, తెల్ల లాల్చీ, చైను ఊడిపోయే సైకిలు. మా గుడి అప్పటికి తాటాకు పాకే. ఊరి చివర, దాని వెనక నుంచే అడవి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆరాధనకు కూర్చుంటే ఇప్పపూల తియ్యటి వాసన లోపలిదాకా వచ్చేది, తునికాకు కోతకు పోయే వాళ్ళు తట్టలతోనే వచ్చి వెనక కూర్చుని ప్రార్థన చేయించుకుని పోయేవారు. ఫ్యాను లేదు, మైకు లేదు, ఒక ఢోలక్, ఒక కంజీర. ఇప్పుడు మనకు స్లాబు గుడి ఇచ్చాడు దేవుడు, ఆయనకే స్తోత్రం, కానీ ఆ పాకలో చాపల మీద ఒకరికొకరు భుజాలు తగులుతూ కూర్చున్న ఆదివారాలు నేను ఇప్పటికీ మరచిపోలేదు.

కృప మామూలుగా ఆడుకునేది, మామూలుగా మాట్లాడేది. కానీ జ్వరం వస్తే చాలు, నేను దాని మంచం వదిలేదాన్ని కాదు. ఒక పూట అన్నం మానేస్తే వాంతులు, ఆ పైన మగత, ఊపిరి బరువుగా తీసేది, నోటి దగ్గర ముఖం పెడితే బాగా మగ్గిపోయిన పండు వాసన వచ్చేది. సంతోష్ నోటి దగ్గర కూడా ఆ రోజు అదే వాసన! ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు, చెబితే నిజమైపోతుందని భయం. రెండుసార్లు ఏన్కూరు తీసుకుపోయి గ్లూకోజు సీసా ఎక్కిస్తే లేచి కూర్చుంది. దేవుడు కాపాడాడు అనుకుని ఇంటికి వచ్చేవాళ్ళం. అసలు జబ్బు ఏందో ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు.

కృపకు ఐదేళ్ళు. ఆ ఏడు శుభశుక్రవారం. మీకు తెలుసు కదా, ఆ రోజు పొద్దున్నుంచి మధ్యాహ్నం మూడు దాకా పెద్దలందరం ఉపవాసం. పిల్లలకు మాత్రం వండి పెడతాం. ఆ పొద్దున నేను గుడి ఊడ్చే పని మీద ముందే వెళ్ళాను. గుడికి వచ్చాక కృపను అడిగితే, "నాయినమ్మ పెట్టింది, తిన్న" అన్నది. మా అత్తమ్మ అడిగితే, "అమ్మ పెట్టింది" అన్నదట. ముందు రోజు రాత్రి కూడా జలుబుగా ఉందని రెండు ముద్దలే తిన్నది. అది కూడా ఉపవాసం ఉందని మాకెవరికీ తెలియదు, సహోదరులారా!

సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడుతున్నారు. నాలుగో మాట నడుస్తుండగా కృప నా ఒళ్ళో వాలింది. ఎండకు నిద్రపోతుందిలే అనుకున్నాను. కాసేపటికి దాని పక్కటెముకలు ఎగసిపడటం నా అరచేతికి తెలిసింది. కిందికి వంగి చూస్తే అదే వాసన. "కృపా! కృపమ్మా!" అని ఊపాను. కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసుకుంది.

ఆరాధన ఆగిపోయింది. చుట్టూ చేరి అందరూ గట్టిగా ప్రార్థన మొదలుపెట్టారు. మా సంఘ పెద్ద రాజారత్నం గారు, మంచి మనిషి, విశ్వాసంలో గట్టివాడు, లేచి నిలబడి చెయ్యెత్తి అన్నారు.

"ఇది పరీక్ష. పాప లేచేదాక ఎవ్వరు నీళ్ళు ముట్టొద్దు. ఈడనే ప్రభువు కోసం కనిపెట్టుకొని ఉందాం."

అందరూ ఆమెన్ అన్నారు. నేను కూడా అనబోయాను. అప్పుడు అయ్యగారు జనంలోంచి వచ్చి కృప పక్కన మోకరించి దాని నుదుటి మీద చెయ్యి పెట్టి చూశారు. తర్వాత మా ఆయన వైపు తిరిగారు.

"ప్రకాశం, బండి తీస్కరా. జల్దీ."

"అయ్యగారూ, ప్రార్థన మధ్యల..." అన్నారు రాజారత్నం గారు.

"ప్రార్థన మేం ఈడ చేస్తం రత్నం. పిల్లను దవాఖానకు తీస్కపోనీ. దేవుడు ఆడ కూడ ఉంటడు" అన్నారు అయ్యగారు.

అప్పటికి ఇంకా నూట ఎనిమిది బండ్లు రాలేదు. షాపుకు మోటార్లు తెచ్చే ఒక రైతు జీపు ఇచ్చాడు. ఆ జీపులో కృపను గుండెకు హత్తుకుని కొత్తగూడెం దారిలో నేను చేసిన ప్రార్థన నాకు అక్షరం మరచిపోకుండా గుర్తుంది. "ప్రభువా, ఒక్కన్ని తీస్కున్నవు. అప్పుడు నేను నిన్నేమన్న అడిగిన్నా? ఇయ్యాల అడుగుతున్న. దీన్ని నాకియ్యి. ఎట్ల ఇస్తవో నాకు తెల్వది. ఎవరి చేత ఇస్తవో తెల్వది. ఇయ్యి, అంతే!" మంచి మాటలు కావు, కొట్లాట మాటలు. కానీ దేవుడు కొట్లాటను కూడా ప్రార్థనగానే విన్నాడు, ఆయనకే మహిమ!

కొత్తగూడెం దవాఖానాలో ఆ రోజు డ్యూటీలో ఒక కుర్ర డాక్టరు ఉన్నాడు. చూడగానే గ్లూకోజు పెట్టి రక్తం, మూత్రం పరీక్షకు పంపాడు. షుగర్ జబ్బేమో అని మొదట అనుమానపడ్డాడట, కానీ రక్తంలో చక్కెర ఎక్కువ లేదు, తక్కువే ఉంది, మూత్రంలో మాత్రం కీటోన్లు అనేవి విపరీతంగా ఉన్నాయి. ఆయన మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని అడిగాడు.

"అమ్మా, ఇంతకుముందు ఇట్ల ఎన్నిసార్లు అయింది? అన్నం తినని రోజే అయిందా?"

"అవ్ సారూ, జ్వరమొచ్చి తిననప్పుడే."

"ఇంట్లో ఇంకెవరికన్నా ఇట్ల అయిందా?"

అప్పుడు నేను సంతోష్ గురించి చెప్పాను. ఆ వాసన గురించి కూడా చెప్పాను. ఇన్నేళ్ళలో మొదటిసారి. డాక్టరు రాసుకోవడం ఆపి, "మీరిద్దరు మేనరికమా?" అని అడిగాడు. మా ఆయన తల దించుకుని అవునన్నాడు. "హైదరాబాద్ పోవాలె. దీనికి పేరు ఉంటది. పేరు తెలిస్తే కాపాడుకోవచ్చు" అన్నాడాయన.

పొద్దు గూకే వేళకు కృప కళ్ళు తెరిచింది. నన్ను చూసి మొదట అడిగిన మాట ఏమిటో తెలుసా? "అమ్మా, నా ఉపవాసం పాడైపోయిందా?" అని.

"ఎందుకు ఉన్నవమ్మా ఉపవాసం?" అన్నాను.

"నువ్వు అన్న ఫోటో చూసి ఏడుస్తవు గద. ఏడవొద్దని దేవునికి చెప్పిన."

సహోదరీలారా, ఆ మంచం పట్టె పట్టుకుని నేను ఎంత ఏడ్చానో ఆ వార్డులో ఉన్న వాళ్ళందరికీ తెలుసు.

హైదరాబాద్‌లో పిల్లల జబ్బులు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. మూత్రం, అట్టముక్క మీద రక్తపు చుక్కలు ఎక్కడికో పంపారు. కొన్ని వారాలు ఎదురుచూశాం, మళ్ళీ రమ్మన్నారు, వెళ్ళాం. ఆమె మాకు విసుగు లేకుండా చెప్పింది. మన ఒంట్లో కంటికి కనపడనంత చిన్న చిన్న గదులు ఉంటాయట, ఒక్కో గదిలో చిన్న చిన్న పొయ్యిలు ఉంటాయట, వాటిని మైటోకాండ్రియా అంటారట. మనం అన్నం తినకపోతే ఒళ్ళు కొవ్వును కరిగించి కీటోన్లు చేసుకుంటుంది, ఆ పొయ్యిల్లో వాటిని కాల్చుకుని బతుకుతుంది. కాల్చడానికి ఒక ఎంజైమ్ కావాలి, దాని పేరు కీటోథయోలేజ్. ఆ ఎంజైమ్‌ను ఎలా తయారుచేయాలో చెప్పే జీన్‌లో కృపకు తప్పు ఉంది. అందుకని అందరికీ ఆకలేసినప్పుడు ఆదుకునే కీటోన్లే దీనికి రక్తంలో పేరుకుపోయి పులిసిపోతాయి.

"ఆ తప్పు ఎక్కడినుంచి వచ్చిందమ్మా?" అన్నాడు మా ఆయన.

"ప్రతి జీన్ మనకు రెండు ఉంటాయి, అమ్మ నుంచి ఒకటి, నాన్న నుంచి ఒకటి. మీ ఇద్దరిలోనూ ఒక్కొక్కరికి ఒకటి మంచిది, ఒకటి తప్పుది. మంచిది ఉంది కాబట్టి మీకు ఏమీ కాలేదు. పాపకు రెండూ తప్పువే వచ్చాయి. మీ ఇద్దరికీ తాత, అవ్వ ఒకరే కదా, వాళ్ళలో ఎవరి నుంచో మీ ఇద్దరికీ దిగి ఉంటుంది. వాళ్ళకు కూడా తెలిసి ఉండదు."

నేను ఉండబట్టలేక అడిగేశాను. "అమ్మా, ఇది శాపమా?"

ఆమె నవ్వలేదు. నా చేతి మీద చెయ్యి వేసింది. "శాపమైతే నేను ఏం చేయగలను చెప్పండి? ఇది జబ్బు. చేయడానికి చాలా ఉంది. పాపను ఎప్పుడూ ఖాళీ కడుపుతో ఉంచొద్దు. జ్వరం వస్తే చక్కెర నీళ్ళు పట్టిస్తూ ఉండండి, తాగలేకపోతే వెంటనే గ్లూకోజు పెట్టించండి. మాంసం, పప్పు, పాలు కొలతగా పెట్టండి. పదేళ్ళు దాటితే ఇలా స్పృహ తప్పే పోట్లు చాలామందికి తగ్గిపోతాయి. మీ బాబుకు కూడా ఇదే అయి ఉండొచ్చు. అది మీ తప్పు కాదు."

తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో కృప నా ఒళ్ళో బన్ను తింటోంది. మా ఆయన టికెట్లు జేబులో పెట్టుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు. ఉన్నట్టుండి, "సువార్తా, మనం పెండ్లి చేసుకోకుండ ఉంటే అయిపోయేదా?" అన్నాడు.

బన్ను తినే పిల్లను చూశాను. "గట్లనుకుంటే ఇది ఏడికెల్లి వస్తది బావా?" అన్నాను.

ఆయన కృప బుగ్గ మీది బన్ను పొడి తుడిచాడు. పెళ్ళయినప్పటి నుంచీ మేం ఇద్దరం అంత దగ్గరగా కూర్చున్నది ఆ రోజేనేమో! ఆ బస్టాండు రణగొణ ధ్వనిలో నా గుండెలో దిగిన ముల్లు రాలిపోయింది. తాత ప్రభువును నమ్ముకున్నందుకు ఎవరూ మా మీద పగపట్టలేదు. తాత మాకు తన రక్తం ఇచ్చాడు, అందులో ఆయనకు తెలియని ఒక చిన్న తప్పు ఉంది, దానితో పాటు ఆయనకు బాగా తెలిసిన విశ్వాసం కూడా మాకు ఇచ్చాడు. దేవునికే మహిమ!

అయితే ఊళ్ళో ఇంకొక పరీక్ష మిగిలే ఉంది. కృప ఎన్నడూ ఉపవాసం ఉండకూడదని చెప్పగానే గుడిలో గుసగుసలు మొదలయ్యాయి. రాజారత్నం గారు మా ఇంటికే వచ్చారు.

"ఉపవాసమే జబ్బు తెస్తదని డాక్టర్లు చెప్పిన్రా? రేపు ఈ మాట బయట పడితే సంఘంల ఎవరన్న ఉపవాసం ఉంటరా సువార్తమ్మా?" అన్నారు.

ఆదివారం వచ్చింది. అయ్యగారు ఆ రోజు వాక్యం చాలా చిన్నగా చెప్పారు. చనిపోయిన పన్నెండేళ్ళ పిల్లను ప్రభువు చెయ్యి పట్టుకుని లేపిన సంగతి అది. "లేపినంక ప్రభువు ఏమన్నడు? సాక్ష్యం చెప్పుమన్నడా? పాట పాడుమన్నడా? పిల్లకు ఏమన్న తినబెట్టుమన్నడు. అంత గొప్ప అద్భుతం చేసినోడికి పిల్ల ఆకలి యాదికుంది!" అన్నారు. అని పక్కనున్న స్టీలు గిన్నె మూత తీశారు. పెరుగన్నం. వాళ్ళ ఇంట్లో అమ్మగారు కలిపి ఇచ్చినది. కృపను పిలిచి ముందు కూర్చోబెట్టుకుని తన చేత్తో తినిపించారు. సంఘమంతా చూస్తోంది. కృపకు సిగ్గు, నోరు తెరవడానికి సగం, నవ్వడానికి సగం. నేను కొంగు నోట్లో కుక్కుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఉపవాస కూటం అలాగే మొదలయ్యేది. ముందు కృప తినాలి, అప్పుడే మొదటి ప్రార్థన. ఒకసారి మేం ఆలస్యంగా వెళ్తే అందరూ మౌనంగా మా కోసం కూర్చుని ఉన్నారు! కొన్నాళ్ళకు చూలాలు ఒకామె కూడా కృప పక్కన కూర్చుని తినడం మొదలుపెట్టింది, తర్వాత మాత్రలు వేసుకునే ముసలమ్మలు. ఒక శుక్రవారం రాజారత్నం గారి భార్య అందరిలో లేచి, "ఈయనకు రెండేండ్ల సంది షుగరుంది. ఉపవాసమని పోయి ఇంట్ల కండ్లు తిరిగి పడుతుండు. ఎవ్వరికి చెప్పనియ్యడు. జర మీరన్న చెప్పున్రి అయ్యగారూ" అన్నది. అయ్యగారు నవ్వు ఆపుకోలేకపోయారు. రాజారత్నం గారు కాసేపు కోపంగా కూర్చుని, లేచి వచ్చి కృప పక్కనే చాప మీద చతికిలబడ్డారు. "జరుగు తల్లీ" అన్నారు. ఆ తర్వాతి వారం నుంచి అరటిపళ్ళ గెల తెచ్చే బాధ్యత ఆయనే తీసుకున్నారు, ఎవరినీ తేనివ్వలేదు.

కృపకు ఎనిమిదేళ్ళప్పుడు వానల్లో మళ్ళీ జ్వరం వచ్చింది. వాగు రోడ్డు మీదికి పొంగింది, బస్సులు లేవు. నేను భయపడ్డాను, అబద్ధం చెప్పను. కానీ ఈసారి ఏం చేయాలో తెలుసు. మా అత్తమ్మ, నేను, పక్కింటి వాళ్ళు వంతులు వేసుకుని చెంచాతో చక్కెర నీళ్ళు పట్టిస్తూనే ఉన్నాం. కక్కినా మళ్ళీ పట్టాం. అయ్యగారు గొడుగు పట్టుకుని వచ్చి పెద్ద ప్రార్థన ఏమీ చేయలేదు, గ్లాసు నా చేతిలోంచి తీసుకుని, "నువ్వు జరసేపు పండుకో బిడ్డా" అన్నారు. నీళ్ళు తగ్గి మేం కొత్తగూడెం చేరేసరికి పిల్ల స్పృహలోనే ఉంది, డాక్టరుకు తన పేరు తనే చెప్పింది.

ఇప్పుడు కృప ఏడో తరగతి. రెండేళ్ళ నుంచి ఒక్క పోటు కూడా రాలేదు. మొన్న స్కూల్లో కబడ్డీలో మోకాలు గీసుకుని వచ్చి నా చేత తిట్లు తిన్నది. దేవుడు మాకు ఇంకొక పాపను కూడా ఇచ్చాడు, పేరు జ్యోతి. అది కడుపులో ఉన్నన్నాళ్ళు మా భయం దేవునికే తెలుసు, ఎందుకంటే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు ఆ జబ్బు రావచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. పుట్టగానే పరీక్ష చేయించాం. దానికి జబ్బు లేదు. ఒకవేళ ఉన్నా దాన్ని ఎలా పెంచాలో మాకు తెలుసు అని నేనూ బావా అనుకున్నాం, ఆ ధైర్యం కూడా దేవుడిచ్చినదే.

దేవసహాయం అయ్యగారు రెండేళ్ళ కిందట ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. సంతోష్‌కు ఆ కుర్ర డాక్టరు ఎందుకు దొరకలేదు, ఆ డాక్టరమ్మ ఎందుకు దొరకలేదు అని ఒకసారి ఆయనను అడిగాను. ఆయన, "నాకు తెల్వది బిడ్డా" అన్నారు. ఏదో ఒకటి చెప్పి నన్ను ఓదార్చలేదు. నాతో పాటు కూర్చున్నారు, అంతే. నాకూ ఇప్పటికీ తెలియదు. ఆ ప్రశ్నతోనే నేను దేవుణ్ణి స్తుతిస్తున్నాను, ఆయన దాన్ని భరిస్తున్నాడు.

సహోదరీలారా, ఈ కూటంలో ఏ తల్లి అయినా తన బిడ్డకు వచ్చే జబ్బు పేరు తెలియక, శాపమనో, పాపమనో నలుగురూ అనే మాటలు మింగుకుంటూ కూర్చుని ఉంటే, ఆమెతోనే నేను మాట్లాడుతున్నాను. దేవుణ్ణి నమ్ము. నమ్మి, లేచి, బిడ్డను చంకనేసుకుని డాక్టరు దగ్గరికి నడువు. మేనరికమని సిగ్గుపడకు, అడిగినవన్నీ దాచకుండా చెప్పు. ఒక్కదానివే పోవడానికి భయమైతే జూలూరుపాడు బస్టాండు వెనక ఎవరిని అడిగినా కుట్టుమిషను సువార్త ఇల్లు చూపిస్తారు. నేను చదువుకున్నదాన్ని కాను, కానీ ఆ దారి నాకు తెలుసు. నీతో పాటు బస్సు ఎక్కుతాను. నన్ను ఇంతదాకా నడిపించిన దేవుడు మనిద్దరికీ ముందే అక్కడ ఉంటాడు. ఆయనకే మహిమ కలుగును గాక, ఆమెన్.